గడ్డి కింద దాగిన పని: రేసుకోర్సు టర్ఫ్ గురించి అపోహలు – వాస్తవాలు

విశాఖపట్నంలో పదిహేడేళ్ళుగా గడ్డి పని చేస్తున్నాను. రెండు మూడు క్రికెట్ మైదానాలు, కొన్ని పాఠశాలల ఆటస్థలాలు, ఊరి శివారులో ఒక గుర్రపు స్వారీ శిక్షణ మైదానం నా చేతి కింద ఉన్నాయి. ఆమధ్య మూడు వారాలు సెలవు పెట్టి, దాచుకున్న డబ్బుతో రేసుకోర్సు టర్ఫ్ (గడ్డి నేల) నిర్వహణ నేర్చుకోవడానికి ఇంగ్లండులో గుర్రప్పందేలకు పేరున్న న్యూమార్కెట్‌కు వెళ్ళాను. తిరుగు ప్రయాణంలో హాంకాంగ్‌లో ఆగి షాటిన్ రేసుకోర్సు కూడా చూశాను. వచ్చినప్పటి నుంచి ఎక్కడికి వెళ్ళినా అవే మాటలు వినిపిస్తున్నాయి. వాటిలో కొన్ని నేనూ ఒకప్పుడు నమ్మినవే.

అపోహ: గుర్రప్పందేలే లేని ఊరికి రేసుకోర్సు గడ్డి చదువు ఎందుకు?

గడ్డికి ఇంతకంటే కఠినమైన పరీక్ష లేదు కాబట్టి. పందెపు గుర్రం బరువు సుమారు 450 నుంచి 500 కిలోలు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో దౌడు తీసేటప్పుడు ప్రతి అంగలోనూ ఒక క్షణం దాని భారమంతా ఒకే కాలి మీద ఉంటుంది. ఆ క్షణంలో ముందుగిట్ట నేల మీద వేసే భారం గుర్రం బరువుకు దాదాపు రెండున్నర రెట్లు. అంటే అరచేయంత చోట టన్నుకు పైగా! గిట్ట నొక్కి ఊరుకోదు కూడా. దిగుతుంది, కాస్త ముందుకు జారుతుంది, వెనక్కి తన్ని లేస్తుంది. ఆ తన్నుకు వేళ్ళు పట్టు వదిలితే గుర్రం కాలు మడతపడుతుంది, పైనున్న జాకీ ప్రాణం మీదికి వస్తుంది. ఇంతటి భారాన్ని తట్టుకునే నేలను సిద్ధం చేయడం తెలిసినవాడికి, పిల్లలు కబడ్డీ ఆడే నేలను మోకాళ్ళు చెక్కుకుపోకుండా ఉంచడం తెలియకుండా ఉండదు. తెలుగువాళ్ళం పందేలు చూడాలంటే హైదరాబాదులో మలక్‌పేటకు వెళ్తాం, అది నిజమే. గడ్డి మాత్రం మన గల్లీలోనూ ఉంది.

అపోహ: పచ్చగా కళకళలాడుతుంటే అది మంచి టర్ఫ్.

యూరియా చల్లి, రెండు రోజులు నీళ్ళు పెడితే ఏ గడ్డయినా పచ్చబడుతుంది. ఆ పచ్చదనం ఆకుది. ఆకుకు ఎరువు ఎక్కువై వేరు బలహీనపడిన మైదానాలను నేను చాలా చూశాను. పైన తివాచీలా ఉంటాయి, చేత్తో లాగితే తివాచీలాగే ఊడి వస్తాయి.

న్యూమార్కెట్‌లో మొదటి రోజు నన్ను తిప్పిన ప్రధాన గ్రౌండ్స్‌మన్ గడ్డి రంగు గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. జేబులో నుంచి సన్నని పొడుగాటి కత్తి తీసి, నేలను చతురస్రంగా కోసి, కేకు ముక్కలా పైకి లేపి నా చేతిలో పెట్టాడు. మట్టి పొడిపొడిగా ఉంది. తెల్లని వేళ్ళు కింది అంచు దాటి వేలాడుతున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే తొలకరి వాన వాసన. చూసిన తర్వాత ఆ ముక్కను అదే గోతిలో అదే దిక్కుగా పెట్టి, బూటుతో అదిమి, చుట్టూ గడ్డిని వేళ్ళతో దువ్వాడు. ఎక్కడ కోశాడో రెండడుగులు వెనక్కి వేసిన నాకు కనిపించలేదు. ఆ దేశంలో అడ్డంకులు దూకే పని లేని పందేల ట్రాకుల మీద గడ్డిని నాలుగంగుళాల ఎత్తున ఉంచుతారు. మన క్రికెట్ మైదానం కంటికి తిరుపతి గుండులా నున్నగా ఉండాలని కోరేవారికి ఆ ట్రాకు పశువుల బీడులా కనిపిస్తుంది. కానీ ఆకు ఎంత కోస్తే వేరు అంత కురచబడుతుంది. అందుకే ఒక్క కోతలో ఉన్న ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు.

అపోహ: గట్టి నేల వేగానికి, మెత్తటి నేల భద్రతకు.

నేల ఎంత గట్టిది అన్నదాని కంటే, ఈ చివర నుంచి ఆ చివర వరకు ఒకేలా ఉందా అన్నది ముఖ్యం. గుర్రం ఒక నేలకు అలవాటుపడి అంగలు వేస్తుంది. గట్టి నేల మీద వస్తూ ఉన్నట్టుండి మెత్తటి చోట కాలు వేస్తే ప్రమాదం అక్కడే మొదలవుతుంది. అందుకే కొలతలు. బ్రిటన్‌లో నేల తీరుకు బురద స్థాయి నుంచి బండ స్థాయి వరకు ఏడు పేర్లున్నాయి. ఆస్ట్రేలియాలో 1 నుంచి 10 వరకు అంకెలు వేస్తారు, అంకె పెరిగేకొద్దీ నేల మెత్తన. పెనెట్రోమీటర్ అనే పరికరంలో కిలో బరువును మీటరు ఎత్తు నుంచి వదిలి, కడ్డీ ఎంత లోతుకు దిగిందో చూస్తారు. మన దేశంలోని రేసు క్లబ్బులకూ అది పరిచయమే. బ్రిటన్‌లో వాడే గోయింగ్ స్టిక్ ఇంకో అడుగు ముందుకు వేసింది. దాన్ని నేలలో గుచ్చి, 45 డిగ్రీల కోణానికి వెనక్కి వంచుతారు. గుచ్చడానికి పట్టిన బలం గిట్ట దిగడానికి, వంచడానికి పట్టిన బలం గిట్ట తన్నడానికి గుర్తు. రెండూ కలిపి ఒక అంకె.

ఆ పరికరాన్ని కొనేంత డబ్బు నా దగ్గర లేదు. తిరిగి వచ్చాక ఇనుప కడ్డీకి సెంటీమీటర్ల గీతలు గీయించి, కిలో తూనికరాయిలో రంధ్రం వేయించి, కంచరపాలెంలో ఒక లేతు మిషను దగ్గర సొంత కొలబద్ద చేయించుకున్నాను. దాని అంకెను ఏ దేశపు అంకెతోనూ పోల్చలేను. కానీ నా మైదానంలో ఈశాన్య మూలకూ నైరుతి మూలకూ ఉన్న తేడాను అది ఇట్టే పట్టిస్తుంది. నాకు కావలసింది అదే.

అపోహ: వాన వెలిసిన వెంటనే రోలరు తిప్పితే నేల చదునవుతుంది.

ఈ మాట గురించి చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. పర్యటనకు రెండేళ్ళ ముందు, జూలైలో మంచి వాన కురిసిన మర్నాడు, స్వారీ మైదానం గుంటలు పడిందని నేనే దగ్గర నిలబడి బరువైన రోలరు తిప్పించాను. ఆ సాయంత్రానికి అద్దంలా ఉంది. అందరూ మెచ్చుకున్నారు. నెల తిరిగేసరికి గడ్డి పసుపు పచ్చగా మారింది. నీళ్ళు చాలడం లేదనుకుని ఇంకా పోశాం. తుంగ పుట్టుకొచ్చింది. గరిక చచ్చిపోయింది.

తర్వాత పారతో కోసి చూస్తే అయిదు సెంటీమీటర్ల లోతున గట్టి పెంకులాంటి పొర కనిపించింది. వేళ్ళు అక్కడి దాకా దిగి, దారి లేక, గోడను గుద్దుకున్నట్టు పక్కలకు తిరిగి చాపలా అల్లుకున్నాయి. తడిసిన మన్నులో రేణువుల మధ్య గాలి గదులుంటాయి. బరువు పడితే అవి కూలిపోతాయి. గాలి పోయాక నీరు ఇంకదు, వేరు ఊపిరాడక కుళ్ళుతుంది. మన ఎర్రమట్టిలో సేంద్రియ పదార్థం తక్కువ కాబట్టి అది ఇంకా త్వరగా బిగుసుకుంటుంది.

న్యూమార్కెట్‌లో రోలరు కంటే ఎక్కువగా తిరిగేది ట్రాక్టరుకు తగిలించిన ఊచల యంత్రం. లావుపాటి ఇనుప ఊచలు నేలలోకి దిగి, లోపల కాస్త కదిలి, మట్టిని పైకి ఎగదన్నకుండా వదులు చేసి బయటికి వస్తాయి. మాకు ఆ యంత్రం లేదు. నలుగురు మనుషులు, నాలుగు గునపాలు, జానెడు దూరానికి ఒక గుచ్చు, ఆ గుంటల్లో నది ఇసుక. ఎకరం చేయడానికి పది రోజులు పట్టింది. తర్వాతి వర్షాకాలంలో ఆ మైదానం మీద నీరు నిలవలేదు.

అపోహ: ఇంగ్లండులో ఎప్పుడూ వాన పడుతుంది కాబట్టి వాళ్ళ గడ్డి అలా ఉంటుంది.

న్యూమార్కెట్ ఉన్న తూర్పు ప్రాంతం ఇంగ్లండులోనే వాన తక్కువ పడే చోటు. ఏడాదికి 600 మిల్లీమీటర్ల లోపు. విశాఖలో వెయ్యి దాటుతుంది. తేడా కురిసే తీరులో ఉంది. అక్కడ ఏడాది పొడవునా చినుకు చినుకుగా పంచుకుని పడుతుంది. ఇక్కడ వాయుగుండం పడితే ఒక్క రోజులో వంద మిల్లీమీటర్లు కుమ్మరిస్తుంది. అంటే హెక్టారుకు పది లక్షల లీటర్లు! వాళ్ళ నేల కింద సున్నపురాయి జాతికి చెందిన చాక్ ఉంది, నీటిని ఇట్టే తాగేస్తుంది. మనకు ఆ భాగ్యం లేదు కనుక మురుగు దారి మనమే వేసుకోవాలి. విశాఖలో మైదానం కట్టేవాళ్ళు గడ్డికి పెట్టే ఖర్చు చూసి నీరు పోయే గొట్టాలకు పెట్టే ఖర్చు తగ్గించుకుంటారు. ఇది తిరగబడాలి.

వేసవిలో సంగతి వేరు. రోజూ సాయంత్రం పైపైన తడపడం మన అలవాటు. నీరు పైన దొరుకుతుంటే వేరు కిందికి ఎందుకు దిగుతుంది? మూడు నాలుగు రోజులకు ఒకసారి, జానెడు లోతు తడిసేలా, తెల్లవారుజామున పెట్టాలి. హెక్టారుకు అయిదు మిల్లీమీటర్ల నీరంటే 50,000 లీటర్లు, పది ట్యాంకర్లు. మే నెలలో ఈ ఊళ్ళో ట్యాంకరు విలువ తెలిసినవాళ్ళెవరూ ఆ నీటిని పైపైన చల్లి ఎండకు ఆరనివ్వరు.

అపోహ: అక్కడి విత్తనం తెచ్చి చల్లితే చాలు.

చాలామంది నన్ను మొదట అడిగింది "విత్తనం తెచ్చారా?" అనే. తేలేదు. తేకూడదు కూడా. అనుమతి పత్రాలు లేకుండా విత్తనాన్ని దేశంలోకి తీసుకురావడం 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వుకు విరుద్ధం. అందుకే తిరిగి వచ్చేముందు బూట్ల అడుగున అంటిన మట్టిని సైతం హోటల్ గదిలో పళ్ళు తోముకునే బ్రష్‌తో కడిగాను. ఒక తెగులు వెంట వస్తే ఎన్ని పొలాలు పోతాయో ఎవరు చెప్పగలరు?

అసలు ఆ విత్తనం ఇక్కడ బతకదు. అక్కడి రై గడ్డి 15 నుంచి 24 డిగ్రీల చల్లదనంలో పెరిగేది. మన ఎండకు తాళలేదు. మనకు తగింది మన దగ్గరే ఉంది: వినాయక చవితికి పూజలో పెట్టే గరిక. ప్రపంచమంతటా వేడి దేశాల మైదానాలను నడిపిస్తున్నది ఈ గరిక వంశమే. షాటిన్‌లో ఉన్న టిఫ్టన్ 419 అనే రకం మామూలు గరికకు ఆఫ్రికా జాతి గరికతో పుట్టిన సంకరం. 1960లో అమెరికాలో విడుదలైంది. అది గొడ్డు మొక్క, విత్తనం కట్టదు. తీగ ముక్కలు నాటుకోవడమే దారి. షాటిన్‌లో గరిక మీద చలికాలం కోసం రై గడ్డి విత్తనం కూడా చల్లుతారు. దీన్ని చూసి వచ్చి మనమూ చల్లాలనుకోవడం మరో పొరపాటు. అక్కడ చలికి గరిక పెరుగుదల మందగిస్తుంది. విశాఖలో జనవరి రాత్రి కూడా గరికకు అంత చలి కాదు. పర్యటనలో ఏది తీసుకోవాలో తెలియడం ఎంత అవసరమో, ఏది అక్కడే వదిలేయాలో తెలియడమూ అంతే అవసరం.

అపోహ: సముద్రం పక్కనే ఉంది, ఇసుకకు కొదవా?

తీరం ఇసుక తవ్వడానికి చట్టం ఒప్పుకోదు. ఒప్పుకున్నా అది పనికిరాదు. ఉప్పు ఒక కారణం. రేణువులన్నీ ఒకే సైజులో, అలలకు అరిగి గుండ్రంగా ఉండడం అంతకంటే పెద్ద కారణం. అవి ఒకదానితో ఒకటి కరుచుకోవు. గిట్ట కింద గోళీల్లా కదులుతాయి.

ఉప్పు మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విరుచుకుపడ్డాక కొండల మీద చెట్ల ఆకులు నిప్పు తగిలినట్టు మాడిపోవడం ఈ ఊరివాళ్ళు మరిచిపోలేరు. మైదానాల గడ్డికీ అదే జరిగింది. కరెంటు లేదు, తాగడానికే నీళ్ళు లేవు, గడ్డి గురించి ఎవరు ఆలోచిస్తారు? కానీ తుపాను మర్నాడే మంచినీటితో ఒకసారి కడిగితే ఆకు మీది ఉప్పు దిగిపోతుంది. గరికకు ఉప్పును ఓర్చుకునే గుణం బాగానే ఉంది. తుపాను కబురు రాగానే ఒక తొట్టి నీరు విడిగా పెట్టుకోవడం ఇప్పుడు మా నియమం.

అపోహ: పందెం ముగిస్తే పని ముగిసినట్టే.

న్యూమార్కెట్‌లో నేను చూసిన అసలు పందెం చివరి గుర్రం వెళ్ళిపోయాకే మొదలైంది. జనం ఇంకా గేట్ల దగ్గర ఉండగానే ట్రాకు అడ్డంగా మనుషులు వరుస కట్టారు. నాట్లకు దిగిన కూలీల వరుస గుర్తొచ్చింది నాకు. ఒక్కొక్కరి చేతిలో ఫోర్కు, నడుముకు సంచి. సంచిలో మట్టి, ఇసుక, విత్తనం కలిపిన మిశ్రమం. గిట్ట లేపిన పెళ్ల ఎక్కడ పడిందో వెతికి, వేళ్ళు ఆరకముందే గోతిలో పెట్టి అదుముతారు. పెళ్ల చితికిపోతే గోతి అంచులను ఫోర్కుతో లోపలికి దగ్గర చేసి, గుప్పెడు మిశ్రమం పోసి, పాదంతో సమం చేస్తారు. ఫర్లాంగు తర్వాత ఫర్లాంగు, మాటల్లేకుండా. నాకూ ఒక సంచి ఇచ్చారు. గంటకు నా వంతు 30 మీటర్లు దాటలేదు. వెనక్కి తిరిగి చూస్తే నడుము నొప్పి మరిచిపోయాను.

షాటిన్‌లో ఇంకో ఏర్పాటు ఉంది. లోపలి కంచెను ఏ, బీ, సీ అంటూ స్థానాలు మార్చి, ఒక పందెం రోజున తొక్కిన చాలును తర్వాతి పందెం రోజున గుర్రాలు తాకకుండా చేస్తారు. జూలై మధ్య నుంచి సెప్టెంబరు వరకు పందేలే ఉండవు. అవి గరిక ఉరకలు వేసే నెలలు. మన మైదానాలకు విశ్రాంతి ఎప్పుడు? వేసవి శిబిరాలు, టోర్నమెంట్లు, ఎగ్జిబిషన్లు, సభలు. వెదురు గెడలూ తాడూ పెట్టి స్వారీ చాలును పదిహేను రోజులకొకసారి జరపడం మేము మొదలుపెట్టాం. దానికి రూపాయి ఖర్చు లేదు. జూలై, ఆగస్టు రెండు నెలలూ మైదానం మూయడానికి మాత్రం ఇంకా ఎవరినీ ఒప్పించలేకపోయాను. అడుగుతూనే ఉంటాను.

అపోహ: ఇలాంటి పర్యటనలు అధికారులకు, డిగ్రీలున్నవాళ్ళకు.

పందెం రోజున వెళ్ళినవారికి టోపీలూ జెండాలూ కనిపిస్తాయి. పందెం మర్నాడు ఉదయం ఆరింటికి వెళ్ళాలి. మీతో కత్తి, టేపు, నోటు పుస్తకం ఉండాలి. ఎంత బాగుందో అడగకండి, ఏది చెడింది, ఎలా సరిచేశారు అని అడగండి. చేతితో పని చేసేవాళ్ళు ఆ ప్రశ్నకు మనసు విప్పి మాట్లాడతారు.

నేను తెచ్చిన ఫొటోలను మా మేస్త్రీకి చూపించాను. ముప్ఫై ఏళ్ళుగా గడ్డి కోస్తున్న మనిషి. గుర్రాలనూ గ్యాలరీలనూ దాటేసి ఒక మట్టి కోత ఫొటో దగ్గర ఆగారు. కళ్ళజోడు సరిచేసుకుని, "బాబూ, ఈ నల్ల గీత ఎంత లోతులో ఉంది? అక్కడ నీరు ఆగుతోందా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ కోత ముందు పావుగంట నిలబడి కూడా నేను ఆ గీతను చూడలేదు. గాలి ఆడని చోట మట్టి అలా నల్లబడుతుందని, అది వేళ్ళకు మొదటి ప్రమాద సూచన అని ఆయనకు చేతి అనుభవంతో తెలుసు.

వచ్చే పర్యటనకు ఆయన పేరే పంపించాను. పాస్‌పోర్టు దరఖాస్తుకు కావలసిన పుట్టినతేదీ కాగితం కోసం ఈ వారం ఇద్దరం వాళ్ళ ఊరు వెళ్తున్నాం.