ఫిట్స్ పుట్టేది మెదడు పైపొరలోనా, లోతుల్లోనా?

తరగతిలో ఓ పాప పాఠం చదువుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. పది సెకన్లు చూపు నిలిచిపోతుంది, పిలిచినా పలకదు. మళ్లీ ఏమీ జరగనట్టే చదువు అందుకుంటుంది. కింద పడలేదు, కాళ్లూ చేతులూ కొట్టుకోలేదు కాబట్టి అవీ ఫిట్సేనని ఎవరికీ తోచదు. ధ్యాస లేదని తిట్లు మాత్రం పడతాయి. డాక్టర్లు వీటిని ఆబ్సెన్స్ సీజర్స్ అంటారు. మూర్ఛ మెదడులో ఎక్కడ పుడుతుందన్న పాత వాదన ఎక్కువగా నడిచింది వీటి చుట్టూనే.

19వ శతాబ్దంలో లండన్ వైద్యుడు జాన్ హ్యూలింగ్స్ జాక్సన్, చేతివేళ్ల దగ్గర మొదలై చెయ్యంతా పాకే ఫిట్స్‌ను ఓపిగ్గా గమనించారు. మెదడు పైపొరలో, అంటే కార్టెక్స్‌లో, ఒకచోట కణాలు అదుపు తప్పడమే కారణమన్నారు. ఆ మాట చాలాకాలం నిలిచింది. 1935లో బోస్టన్‌లో గిబ్స్, డేవిస్, లెనాక్స్ అనే పరిశోధకులు ఆబ్సెన్స్ సీజర్స్‌కు ఈఈజీ, అంటే మెదడు కరెంటు అలల నమోదు, తీశారు. సెకనుకు మూడు చొప్పున పెద్ద అలలు, అవీ తలకు రెండు పక్కలా ఒకేసారి! ఒకచోట పుట్టి పాకేదైతే ఇదెలా సాధ్యం?

మాంట్రియల్‌లో మెదడు సర్జన్ పెన్‌ఫీల్డ్, ఈఈజీ నిపుణుడు జాస్పర్ దీనికి జవాబు లోతుల్లో వెతికారు. మెదడు నడుమ ఉండి రెండు పక్కలకూ సంకేతాలు పంపే థాలమస్ ప్రాంతమే మూలం కావాలన్నారు. 1940ల్లో జాస్పర్ బృందం పిల్లుల థాలమస్‌కు సెకనుకు మూడుసార్లు కరెంటు ఇస్తే, పైపొరలో అలాంటి అలలే లేచాయి. ఎంతో నమ్మించే ప్రయోగం. కానీ అలల్ని లేపగలిగినంత మాత్రాన అవి అక్కడే పుడతాయని కాదు కదా.

2002లో నెదర్లాండ్స్‌ పరిశోధకులు పుట్టుకతోనే ఈ ఫిట్స్ ఉన్న ఎలుకల్లో చూస్తే, మొదటి అర సెకను ముందుండేది పైపొరలోని ఒక చిన్న చోటు. ఆ తర్వాత పైపొర, థాలమస్ ఒకదాన్నొకటి నడిపిస్తాయి. అంతమాత్రాన థాలమస్ పాత్ర చిన్నదైపోలేదు. దశాబ్దాలుగా పిల్లలకు ఇస్తున్న ఎథోసక్సిమైడ్ మందు థాలమస్ కణాల్లోని ఒకరకం కాల్షియం వెళ్లే ద్వారాలను అణచి, ఆ అలల లయను చెడగొడుతుందని 1989లోనే తేలింది.

నాకు మరీ ముఖ్యమనిపించేది 2010లో వచ్చిన ఫలితం. మందులకు లొంగని వేరే రకం ఫిట్స్ ఉన్న 110 మంది పెద్దలకు అమెరికాలో థాలమస్ ముందుభాగంలో, దానికి కరెంటు ఇచ్చే ఎలక్ట్రోడ్లు అమర్చారు. రెండేళ్లకు ఫిట్స్ తగ్గుదల మధ్యస్థంగా 56 శాతం. పూర్తిగా నయం కాలేదు. అయినా, ఫిట్స్ రెండు మూడు చోట్ల మొదలై, కోసి తీసేయడానికి వీల్లేదని సర్జన్లు వెనక్కి పంపినవాళ్లకు ఇదొక దారి. మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2018లో దీనికి అనుమతి ఇచ్చింది.