డెబ్బై ఏళ్ల ఆఫీసును పడగొట్టి ఫ్లాట్లు కడదామా? అపోహలు - వాస్తవాలు

పెద్దాయన తన పాత ఆఫీసు భవనం గోడను చేతికర్రతో రెండుసార్లు తట్టారు. అరచేయంత పెచ్చు ఊడి కాళ్ల దగ్గర పడింది. "చూశారు కదా సార్, దీని పని అయిపోయింది. ఇంకా పరీక్షలెందుకు, డబ్బు దండగ" అన్నారు. నేను గోడను వదిలేసి మిద్దె ఎక్కాను. మూలన వాన నీరు దిగే గొట్టంలో రావి మొక్క మోకాలెత్తు పెరిగి ఉంది. గొట్టం పూడిపోయి, నీళ్లు ఏళ్ల తరబడి ఆ గోడలోకే దిగుతున్నాయి. ఊడిన పెచ్చుకు కారణం ఆ మొక్క.

కట్టడాల బలాబలాలు చూసే ఇంజనీరుగా కర్నూలులో ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి మిద్దెలే ఎక్కుతున్నాను. 1953 అక్టోబరు 1న ఈ ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు కార్యాలయాలకు చోటు చాలక గుడారాలు వేశారని ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. మూడేళ్లకే, 1956 నవంబరు 1న, రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. ఆ రోజుల్లోనూ, ఆ తర్వాతి పదేళ్లలోనూ లేచిన ఆఫీసు కట్టడాలకు ఇప్పుడు డెబ్బై అటూ ఇటూగా వయసు. వాటి యజమానుల పిల్లలు, మనవలు నా దగ్గరికి ఒకే ప్రశ్నతో వస్తారు: పడగొట్టి అపార్ట్‌మెంట్ వేద్దామా? జవాబు కూడా వాళ్లే తెచ్చుకుంటారు. ఆ జవాబుల వెనక ఉండే నమ్మకాల గురించే ఇది.

అపోహ: డెబ్బై ఏళ్లు దాటిన కాంక్రీటుకు ఆయువు తీరినట్టే.

కాంక్రీటుకు పుట్టినరోజుతో పని లేదు. లోపలి ఇనుము తుప్పు పట్టిందా లేదా అన్నదే దాని ఆరోగ్యం. మంచి కాంక్రీటులో క్షారగుణం బాగా ఎక్కువ. ఆ గుణం ఉన్నంతకాలం కడ్డీకి తుప్పు అంటదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పైనుంచి కొంచెం కొంచెంగా ఇంకుతూ ఆ గుణాన్ని చంపుతూ వస్తుంది. అది కడ్డీ దాకా చేరి, తోడుగా చెమ్మ కూడా తగిలితే కథ మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే పెచ్చులు ఊడతాయి.

దీన్ని కంటితో చూడవచ్చు. పెద్దాయన భవనంలో హాలు పిల్లరు నుంచి ఒకటి, వెనక వరండా బీము నుంచి ఒకటి కోర్ తీశాం. గ్లాసంత లావున గుండ్రటి ముక్కలు. వాటిని తీసిన వెంటనే పగలగొట్టి, కొత్త ముఖం మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లాం. క్షారగుణం మిగిలిన చోట అది గులాబీ రంగుకు తిరుగుతుంది. పిల్లరు ముక్కలో అంచు నుంచి బొటనవేలి గోరంత మేర రంగు మారలేదు. ఆ లోపలంతా ముదురు గులాబీ రంగు పరుచుకుంది. కడ్డీ ఆ గులాబీ మేరలోనే, నలుపు తగ్గకుండా ఉంది. అవి నున్నటి గుండ్రటి కడ్డీలు. అప్పట్లో మెలితిప్పిన కడ్డీలు ఇంకా మన దగ్గర వాడుకలోకి రాలేదు. వరండా ముక్క మాత్రం ఎంత చల్లినా బూడిద రంగులోనే ఉండిపోయింది. దాని కడ్డీని వేలితో గీస్తే పొరలు పొరలుగా రాలింది.

ఒకే భవనం, ఒకే మేస్త్రీ, ఒకే ఏడాది. హాలు బతికి ఉంది, వరండా చచ్చిపోయింది. తేడా అంతా నీళ్లదే. పెద్దాయన ఆ గులాబీ ముక్కను జేబు రుమాలులో చుట్టుకుని ఇంటికి పట్టుకెళ్లారు.

ఇంకో మాట. కొందరు సుత్తి లాంటి చిన్న పరికరంతో గోడ మీద నాలుగు దెబ్బలు కొట్టి అంకె చెప్పి వెళ్లిపోతారు. దాన్ని రీబౌండ్ హామర్ అంటారు. అది చెప్పేది పైపొర గట్టితనమే. కార్బన్ డయాక్సైడ్ ఇంకిన పాత కాంక్రీటు పైపొర మరింత గట్టిపడుతుంది కాబట్టి ఆ అంకె ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది. ధ్వని తరంగాల పరీక్ష, కోర్, కడ్డీల పరిశీలన లేకుండా "బాగుంది" అన్న మాటనూ నమ్మవద్దు, "పోయింది" అన్న మాటనూ నమ్మవద్దు.

అపోహ: ఆఫీసు కోసం కట్టినది కాపురాలకు పనికిరాదు.

బరువు లెక్కలో ఇది తలకిందులు. కట్టడాలు మోయాల్సిన బరువులకు ఇప్పటి భారత ప్రమాణమైన ఐఎస్ 875 ప్రకారం ఇంటి గదికి చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు లెక్కిస్తే, ఆఫీసు గదికి 250 నుంచి 400 కిలోలు లెక్కించాలి. రికార్డుల బీరువాలు దశాబ్దాలపాటు మోసిన స్లాబు మంచం, సోఫా మోయలేదా? చిక్కు వేరే చోట ఉంది. హాలును గదులుగా విడగొట్టడానికి తొమ్మిదంగుళాల ఇటుక గోడ పదడుగుల ఎత్తు లేపితే మీటరు పొడవుకు టన్నుం పావు దాటుతుంది. కింద బీము లేని చోట అలాంటి గోడ లేపితే స్లాబు వంగుతుంది. తేలిక బ్లాకులతో సన్నటి గోడలు వేస్తే ఆ సమస్య చాలావరకు తీరుతుంది. నిజంగా తలనొప్పి తెచ్చేది బాత్‌రూములే. ఆఫీసుకు అంతస్తుకు ఒక మరుగుదొడ్డి చాలు, నాలుగు ఫ్లాట్లకు ఎనిమిది కావాలి. ఆ గొట్టాలకు వాలు, దారి దొరకకపోతే మార్పు మాట మరిచిపోవచ్చు. లోతైన హాలు మధ్యలో పడే గదులకు వెలుతురు రాకపోయినా అంతే.

అపోహ: స్థలం మనదే, ఎన్ని అంతస్తులైనా వేసుకోవచ్చు.

నా దగ్గరికి వచ్చేవాళ్లంతా కట్టడం వైపు వేలు చూపిస్తారు. నేను వెనక్కి తిరిగి రోడ్డు కొలుస్తాను. ఎంత ఎత్తు కట్టవచ్చు, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి అన్నవి స్థలం విస్తీర్ణంతోపాటు ముందున్న రోడ్డు వెడల్పును బట్టి ఉంటాయి. పాత ఊరిలో ఎద్దుబండ్ల కాలంనాటి సందులు ఎన్ని లేవు! పాత భవనం రోడ్డు అంచుదాకా, పక్క హద్దుదాకా కట్టి ఉంటుంది. అప్పుడు ఎవరూ అడగలేదు. ఒకసారి పడగొట్టాక ఆ హద్దులో మళ్లీ కట్టనివ్వరు. ముందు రోడ్డు విస్తరణకు కొంత పోతుంది, తర్వాత నాలుగు వైపులా ఖాళీ వదలాలి, మిగిలినదాంట్లో మెట్లు, లిఫ్టు, వరండా దారి పోవాలి. కాగితం మీద గీసి చూపిస్తే చాలామంది ముఖాలు మారిపోతాయి. రెండంతస్తుల పాత భవనంలో ఉన్నంత వాడకపు చోటు కొత్త నాలుగంతస్తుల్లో యజమాని వాటాకు రాని సందర్భాలు చూశాను. వాటా సగం బిల్డరుకు పోతుందన్న సంగతి లెక్కలో మరిచిపోతారు మరి.

అందుకే నా వరస ఇది: ముందు రోడ్డు, తర్వాత కాగితాలు, ఆ తర్వాత నేల, చివరగా భవనం. జనం సరిగ్గా దీనికి ఎదురు వరసలో వస్తారు.

అపోహ: అన్నదమ్ములు ఒప్పుకుంటే చాలు, ఆడపిల్లల సంతకాలు అక్కర్లేదు.

నేను వకీలును కాను. అయినా ఈ ఒక్క మాట వల్ల పునాది దాకా వచ్చి ఆగిన పనులు చూశాక చెప్పకుండా ఉండలేను. తండ్రి స్వార్జితమైతే, వీలునామా లేకపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం నుంచే కూతురికి కొడుకుతో సమాన వాటా ఉంది. ఉమ్మడి ఆస్తిలోనూ మన రాష్ట్రం దేశమంతటి కంటే ముందే కదిలింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు 1986 సవరణతో హక్కు ఇచ్చింది. 2005 కేంద్ర సవరణ పెళ్లైనవారికీ ఇచ్చింది. ఈ కేంద్ర సవరణ వచ్చేనాటికి తండ్రి బతికి ఉండాలన్న వాదనను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పద్ధతిగా జరిగి రిజిస్టరైన పాత పంపకాలు ఉంటే వేరే మాట. "చెల్లెలికి పెళ్లప్పుడే ఇచ్చేశాం" అనేది మాత్రం రిజిస్ట్రారు ముందు చెల్లే కాగితం కాదు.

అపోహ: చిన్న అపార్ట్‌మెంట్లకు రెరా (ఫ్లాట్లు కొనేవారి రక్షణకు తెచ్చిన స్థిరాస్తి చట్టం) వర్తించదు.

సగం నిజం. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా నమోదు అవసరం లేదు. 500 మీటర్లంటే దాదాపు 598 గజాలు, మన భాషలో పన్నెండున్నర సెంట్లకు కాస్త తక్కువ. రెండూ దాటితే నమోదు తప్పదు. అప్పుడు కొనుగోలుదారులు కట్టిన సొమ్ములో 70 శాతం ఆ పనికే కేటాయించిన బ్యాంకు ఖాతాలో ఉండాలి. కట్టడంలో లోపం ఐదేళ్లలోపు బయటపడితే బిల్డరు తన ఖర్చుతో సరిచేయాలి.

అపోహ: కూల్చేవాళ్లే ఎదురు డబ్బిస్తారు, ఇక మనకేం పని?

ఇస్తారు. ఎందుకిస్తారో ఎవరూ అడగరు. వాళ్లకు కావలసింది ఇనుము, టేకు. ఎంత త్వరగా తీసుకుపోతే అంత లాభం. అందుకే కింది గోడను ముందు తన్ని పైదాన్ని కూలనిచ్చే తొందర చూస్తుంటాం. కూల్చివేత ఎప్పుడూ పైనుంచి కిందికి, కట్టిన వరసకు తిరుగుగా జరగాలి. కరెంటు, నీటి కనెక్షన్లు ముందే తీయించాలి. పక్కింటి గోడ మన గోడకు ఆనుకుని ఉంటే ముందు దానికి ఊతం పెట్టాలి, ఉన్న పగుళ్లకు తేదీ కనిపించేలా ఫొటోలు తీసి పక్కింటివాళ్ల సంతకం తీసుకోవాలి. ఆ ఫొటోలు లేక, ముప్పై ఏళ్ల నాటి పగులుకు కూడా పరిహారం కట్టినవాళ్లు ఉన్నారు.

శిథిలాలన్నీ చెత్త కాదు. గానుగ సున్నంతో కట్టిన గోడ ఇటుకలు గునపం మొన తగిలితే విడివిడిగా వచ్చేస్తాయి. దులిపి మళ్లీ వాడుకోవచ్చు. సిమెంటుతో కట్టిన ఇటుక మాత్రం ముక్కలై వస్తుంది. నేల మీది కడప నల్లబండలు డెబ్బై ఏళ్ల పాదాలకు అరిగి, ఇప్పుడు ఏ పాలిషింగ్ మెషీనూ ఇవ్వలేని నునుపుతో ఉంటాయి. వాటిని వదులుకున్న యజమాని తర్వాత షోరూములో అలాంటివే వెతుక్కోవడం నాకు అలవాటైన దృశ్యం. టేకు తలుపులు, కిటికీ చట్రాలు, ఇనుప దూలాలు లెక్క రాసుకున్నాకే బేరం కుదుర్చుకోండి.

ఒక్కదానితో మాత్రం చెలగాటం వద్దు. తర్వాతి రోజుల్లో వరండా మీదో, సైకిల్ షెడ్డు మీదో వేసిన బూడిద రంగు సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. సుత్తితో పగలగొడితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరి, దశాబ్దాల తర్వాత క్యాన్సర్‌గా బయటపడవచ్చు. రేకులను తడిపి, బోల్టులు విప్పి, పగలకుండా దించాలి. కూలీలకు తువ్వాలు చాలదు, సరైన మాస్కు కావాలి. ఇక మిగిలిన మట్టిని రాత్రిపూట హంద్రీ ఒడ్డున పోసి రావడం గురించి ఏమి చెప్పను? శిథిలాలకు 2016 నుంచే కేంద్రం ప్రత్యేక నిబంధనలు పెట్టింది. 2009 అక్టోబరులో ఊరిలోకి నీళ్లు ఎలా వచ్చాయో చూసినవాళ్లకు వాగును పూడ్చకూడదని నిబంధన కూడా అక్కర్లేదు.

అపోహ: పాత భవనం కదలలేదు కాబట్టి నేల గట్టిదే.

పాత భవనం బయటి గోడలు రాతివి, పద్దెనిమిది అంగుళాల మందం. అలాంటి గోడ బరువును పొడవునా పరిచి నేలకు దించుతుంది, అదీ రెండంతస్తుల బరువే. ఐదంతస్తుల పిల్లర్ల కట్టడం అంతకు మించిన బరువును కొన్ని చోట్లే దింపుతుంది. మన జిల్లాలో నల్లరేగడి ఎంతుందో రైతును అడగక్కర్లేదు, వేసవిలో చేను నెర్రెలు చూస్తే చాలు. నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. అలాంటి నేల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున గడ్డలా ఉబ్బిన పైల్స్ (నేలలోకి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు) పద్ధతిని రూపొందించింది. అది కావాలా, మామూలు పునాది చాలా అన్నది బోరు వేసి మట్టి తీస్తేనే తెలుస్తుంది. ఒకే స్థలంలో ముందువైపు రాయి తగిలి, వెనకవైపు పూడ్చిన పాత బావి బయటపడిన అనుభవం నాకుంది.

దీనికి తోడు, మనది భూకంపాల ప్రమాదం తక్కువ ఉన్న ప్రాంతమని తెలిసినవారు "మనకు ఆ గొడవ లేదు" అంటారు. 2001 జనవరి 26న భుజ్ దగ్గర భూమి కంపిస్తే, రెండువందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి కింద కార్ల కోసం గోడలు లేకుండా వదిలిన అంతస్తు ఉంది. ఇప్పుడు మనం కట్టేవన్నీ అలాంటివే. కింది అంతస్తుకు అదనపు బలం ఇచ్చారా అని మీ డిజైనరును అడగండి. జవాబు తడుముకుంటే డిజైనరును మార్చండి.

అపోహ: కొత్తది చల్లగా ఉంటుంది, పర్యావరణానికీ మేలు.

మందపాటి గోడ, పద్నాలుగడుగుల కప్పు, పైన వెంటిలేటరు, ముందు వరండా ఉన్న గదిలో కర్నూలు మే నెలను ఫ్యానుతో గడిపినవాళ్లం మనం. తొమ్మిదిన్నర అడుగుల కప్పు కింద, పడమటి ఎండకు కాగే నాలుగున్నర అంగుళాల గోడ పక్కన అది కుదరదు. ఏసీ పెట్టాల్సిందే. ఇక సిమెంటు సంగతి. ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు సున్నపురాయిని కాల్చి చేసేదే కదా. ఆ తయారీలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సగానికి పైగా ఆ రాయిలోంచే వస్తుంది, ఏ ఇంధనం వాడినా అది ఆగదు. బతికి ఉన్న ఫ్రేమును పడగొట్టి మళ్లీ అదే పోయడం పచ్చదనం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

పెద్దాయన భవనానికి నేనిచ్చిన నివేదిక ఒకటిన్నర పేజీ. వెనక వరండా తీసేయాలి, హాలు, పైఅంతస్తు నిలబెట్టవచ్చు. ముందు సందు ఇరవై అడుగులే కాబట్టి కొత్త కట్టడంతో వాళ్లు అనుకున్నన్ని ఫ్లాట్లు రావు. ఆదోనిలో ఉన్న అక్కగారి సంతకం లేనిదే ఏ బిల్డరుతోనూ ఒప్పందం రాసుకోకూడదు. మొదటి రెండూ చదివి తల ఊపారు. మూడోది చదివి చాలాసేపు ఏమీ అనలేదు.

ఇంకా తేల్చుకోలేదట. మొన్న ఆ దారిలో వెళుతూ తలెత్తి చూశాను. రావి మొక్కను వేళ్లతో సహా తీయించి, కొత్త గొట్టం బిగించి ఉన్నారు.