ముందు ఎజ్జోడి దగ్గరికే ఎందుకెళ్తారు?

శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి, మందస కొండల్లో వానాకాలం జ్వరాలు మొదలైతే చాలు, "ఆస్పత్రికి రారు, ఎజ్జోడి దగ్గరికి పోతారు" అన్న విసుగు వినిపిస్తుంది. ఎజ్జోడంటే అక్కడి సవర గిరిజనుల్లో ఆత్మలతో మాట్లాడి జబ్బు నయం చేసే మనిషి. చిల్లంగి (చేతబడి) అనుమానంతో ఎవరినైనా కొట్టారంటే కోపం కూడా తోడవుతుంది. ఆ కోపం న్యాయమే. అయితే ఎజ్జోడిని నాటువైద్యుల లెక్కలో వేసేస్తే అసలు సంగతి దొరకదు.

పాత సవర నమ్మకంలో చాలా జబ్బులు చనిపోయినవాళ్లు పట్టుకోవడం వల్ల వస్తాయి. ఆ ఆత్మలను సోనుం అంటారు. పట్టుకున్నది ఎవరు, ఏం కావాలని పట్టుకున్నారు? అది అడిగి తెలుసుకోవడమే వైద్యం. సైబీరియా ఈవెంకీ తెగలో, కొరియాలో కూడా ఆత్మలతో మాట్లాడే మనుషులు ఉన్నారు. వాళ్లని అక్కడ షామన్లు, ఇక్కడ ముదంగులు అంటారు.

కొండకి అవతల, ఒడిశా సవరల్లో చావు కర్మలు నడిపింది ఎక్కువగా ఆడవాళ్లే. పియర్స్ విటెబ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1970ల నుంచి వాళ్ల మధ్య ఉండి ఈ తంతు చూశారు. కర్మ నడిపే ఆమె కాళ్లు చాపుకుని కూర్చుని పాట ఎత్తుకునేది. ప్రాణం పాతాళానికి దిగగానే ఒళ్లు కొయ్యబారిపోయేది. పక్కనున్నవాళ్లు మోకాళ్లు, మోచేతులు పట్టి వంచేవారు. తర్వాత చనిపోయినవాళ్లు ఒక్కొక్కరుగా ఆమె నోట మాట్లాడేవారు, కల్లు అడిగేవారు, ఏడ్చేవారు, పాత తగాదాలు తవ్వేవారు. ఇంటివాళ్లు ఎదురు వాదించేవారు. ఇన్ని మాటలు చెప్పుకునే చోటు ఇంకెక్కడుంది?

ఆమెకి పాతాళంలో ఒక భర్త కూడా ఉండేవాడు. అతను సవర కాదు, పల్లపు ప్రాంతపు పెద్దకులం దొర. నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే. రాజులు, పోలీసులు, గుమాస్తాలు సవరలను అణిచిన కాలంలో, ఆ అధికారంతోనే చుట్టరికం కలుపుకుని ఊరి తరఫున బేరమాడే మనిషి ఆమె.

ఈ జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, 1938 నాటికి నిఘంటువు తెచ్చారు. ఆ పని అక్కడితో ఆగకుండా ఉంటే ఎంత బాగుండేదో!

సోవియట్ ప్రభుత్వం 1930ల్లో షామన్ల డప్పులు లాక్కుంది. ఇక్కడ అలాంటి నిషేధం లేదు. బడి, రోడ్డు వచ్చాయి. ఒడిశా వైపు చాలామంది యువత బాప్టిస్టులయ్యారు, చనిపోయినవాళ్లతో మాటలు ఆగిపోయాయి.

మలేరియాకి మందే కావాలి, అందులో రాజీ లేదు. అందుకే రక్తపరీక్ష ముందు చేయించుకోమన్న మాట ఎజ్జోడి నోటే రావాలి. వైద్య సిబ్బంది ఊళ్లోకి వెళ్లినప్పుడు మొదట కూర్చోవాల్సింది ఆయన అరుగు మీదే.