ఆ మెరిసే చుక్క నిజంగా సినాప్సేనా?

పిల్లలూ,

మెదడు ఫొటోల్లో నల్లటి తెర మీద ఎర్రగా, పచ్చగా మెరిసే చుక్కలు మీరు చూసే ఉంటారు. అవి మెదడు సొంత రంగులు కావు. సన్నగా కోసిన మెదడు ముక్కను మైక్రోస్కోప్ కింద పెడితే దాదాపు ఏ రంగూ కనపడదు. ఆ రంగులు మనం అతికించినవే, అతికించడానికి వాడేది యాంటీబాడీని, అంటే ఒక ఫలానా ప్రోటీన్‌ను వెతికి పట్టుకునే పదార్థాన్ని. నాకు ఎంతో ఇష్టమైన పని ఇది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఒక నాడీకణం ఇంకోదానికి కబురు అందించే చోటే సినాప్స్. అక్కడ రెండు కణాల మధ్య సందు సుమారు 20 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో యాభై వేలవ వంతు. మామూలు లైట్ మైక్రోస్కోప్‌కేమో 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు వస్తువులు విడివిడిగా కనపడవు. సందు కనపడనప్పుడు ఏం చేయాలి? ఆ చోట గుంపుగా ఉండే ప్రోటీన్లను వెతకాలి. కబురు పంపే వైపు రసాయనం నింపుకున్న బుల్లి సంచులుంటాయి, వాటి పొరలో సినాప్టోఫైసిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. అందుకునే వైపు, అవతలి కణాన్ని ఉత్సాహపరిచే సినాప్సుల్లో పీఎస్‌డీ-95 అనే ప్రోటీన్ ఉంటుంది. కణాన్ని శాంతింపజేసే సినాప్సుల్లో అయితే గెఫైరిన్ కోసం చూస్తారు. ఒకటి పచ్చగా, ఇంకోటి ఎర్రగా పక్కపక్కనే మెరిస్తే అక్కడ సినాప్స్ ఉండొచ్చని అంచనా వేస్తాం.

యాంటీబాడీలు మన రక్తంలోనూ ఉంటాయి, బయటినుంచి వచ్చిన క్రిములను పట్టుకునేవి అవే. మనకు కావాల్సిన ప్రోటీన్ ముక్కను కుందేలుకు ఎక్కిస్తే దాని ఒంట్లో ఆ ముక్కను పట్టుకునే యాంటీబాడీలు తయారవుతాయి. 1941లో ఆల్బర్ట్ కూన్స్ బృందం యాంటీబాడీకి మెరిసే రంగును అతికించి చూపించింది. 1975లో కోలర్, మిల్‌స్టీన్ ఒకే రకం యాంటీబాడీని ఎంత కావాలంటే అంత తయారుచేసే కణాలను సృష్టించారు, 1984లో నోబెల్ అందుకున్నవాళ్లలో వీళ్లిద్దరూ ఉన్నారు.

ల్యాబ్‌లో పని మామూలుగా రెండు విడతల్లో సాగుతుంది. ముందు కుందేలు యాంటీబాడీ వెళ్లి ప్రోటీన్‌ను పట్టుకుంటుంది, తర్వాత కుందేలు యాంటీబాడీని పట్టుకునే రెండోది రంగుతో సహా వచ్చి దానిమీద కూర్చుంటుంది. ఒకదానిమీద రెండోవి చాలా కూర్చోగలవు కాబట్టి వెలుగు పెరుగుతుంది. అంతకుముందే ముక్క చెడిపోకుండా ఫార్మాల్డిహైడ్‌తో గట్టిపరుస్తారు, యాంటీబాడీ లోపలికి దూరేలా డిటర్జెంట్‌తో కణం పొరకు చిల్లులు చేస్తారు. ఈ గట్టిపరచడం మరీ ఎక్కువైతే యాంటీబాడీ పట్టుకోవాల్సిన చోటే మూసుకుపోతుంది. పీఎస్‌డీ-95 విషయంలో ఇది బాగా ఇబ్బంది పెడుతుంది: ప్రోటీన్ ఉంటుంది, ఫొటోలో కనపడదు.

దీనికి తిరగబడ్డ ఇబ్బంది ఇంకా పెద్దది. ప్రోటీన్ లేని చోట కూడా వెలుగు రావొచ్చు! యాంటీబాడీ పోలిక ఉన్న ఇంకో ప్రోటీన్‌ను పట్టుకోవచ్చు, ఊరికే అంటుకుపోనూ వచ్చు, సీసా మీద ఏ పేరు రాసున్నా సరే. అందుకే పరీక్షించకుండా ఆ ఫొటోను నమ్మకూడదని నేను గట్టిగా అంటాను. మొదటి యాంటీబాడీ వేయకుండా రెండోది మాత్రమే వేసి చూడాలి, అప్పుడూ మెరిస్తే ఆ మెరుపుకి మన ప్రోటీన్‌తో సంబంధం లేదు. అన్నిటికంటే గట్టి పరీక్ష, ఆ ప్రోటీన్ జన్యువే తీసేసిన చిట్టెలుక మెదడు ముక్క. సినాప్టోఫైసిన్ లేకపోయినా చిట్టెలుకలు బతుకుతాయి కాబట్టి దానికి ఈ పరీక్ష చేయొచ్చు. అక్కడ చుక్కలు మాయమవ్వాలి.

వెస్టర్న్ బ్లాట్ అని ఇంకో పరీక్ష ఉంది, ప్రోటీన్లను బరువును బట్టి విడదీసి, సరైన చోట గీత పడిందా అని చూస్తారు. సినాప్టోఫైసిన్ అయితే దాదాపు 38 కిలోడాల్టన్ల (ప్రోటీన్ల బరువు కొలిచే యూనిట్) దగ్గర పడాలి. కానీ ఇందులో పాసైన యాంటీబాడీ మెదడు ముక్కలో కూడా పనిచేస్తుందని అనుకోకండి. బ్లాట్‌లో ప్రోటీన్ మడతలు విప్పుకుని ఉంటుంది, ముక్కలో మడతపడి, పైగా గట్టిపడి ఉంటుంది. ఎక్కడ వాడతామో అక్కడే పరీక్షించాలి.

ఇక జబ్బు చేసిన మెదడులో సినాప్సులు తగ్గాయా అని పోల్చాలంటే, రెండు ముక్కలకూ ఒకే రోజు ఒకే ద్రావణం వేయాలి, ఒకే సెట్టింగ్‌లో ఫొటో తీయాలి, ఏ ఫొటో ఎవరిదో తెలియకుండా చుక్కలు లెక్కపెట్టాలి. ఏ పత్రికలోనైనా ఇలాంటి ఫొటో కనిపిస్తే పక్కన జన్యువు తీసేసిన ఎలుకది కూడా ఉందేమో వెతకండి. లేకపోతే ఎందుకు పెట్టలేదని మీ టీచర్‌ని అడగండి, నాకూ రాయండి.

ప్రేమతో,
మీ తాతయ్య