చైను సాగదు, అరుగుతుంది

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక కుర్రాడు అడిగాడు: "టర్బో పెట్రోలు కారు కొన్నానండీ. వెయ్యి కిలోమీటర్లయ్యేదాకా అరవై దాటొద్దంటాడు మా మామయ్య. మొదటి రోజు నుంచే తొక్కెయ్యమంటారు ఫ్రెండ్స్. ఇప్పటి బండ్లకు రన్నింగ్ ఇన్ (కొత్త ఇంజిన్‌ను కుదుర్చుకునే తొలి నడక) అక్కర్లేదన్నారు షోరూమ్‌లో. ఇవి చాలవన్నట్టు, ఇలాంటి ఇంజిన్లలో టైమింగ్ చైను సాగిపోతుందని ఇంకొకరు టెన్షన్ పెట్టారు. ఎవరి మాట వినాలి?"

అతను వీటిని రెండు వేరు వేరు సంగతులనుకుంటున్నాడు. నేను చాలావరకు ఒకటే అంటాను. చైను దగ్గర మొదలుపెడితే రన్నింగ్ ఇన్ దానంతటదే వస్తుంది.

పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంకు. గాలి లోపలికి, పొగ బయటికి పోయే వాల్వులను తెరిచే ఇరుసు క్యామ్. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది టైమింగ్ చైను. బేసిక్స్ ఇంతటితో సరి.

విజయవాడ ఆటోనగర్‌లో కార్ల ఇంజిన్లు విప్పే షెడ్డుకు వెళ్లి, పాత చైనును, కొత్త చైనును ఒకే మేకుకు తగిలించమనండి. కింది అంచుల్లో మిల్లీమీటరు అటూ ఇటూగా తేడా కనిపిస్తుంది. అడ్డంగా పట్టుకుంటే కొత్తది బిగువుగా నిలుస్తుంది, పాతది పక్కకు వాలిపోతుంది. ఇప్పుడు పాత చైనులో ఒక్క లింకు ప్లేటు తీసి కొలవండి. కొత్త ప్లేటు ఎంతుందో అదీ అంతే ఉంటుంది. ఇనుము సాగలేదు. మరి పొడవెక్కడిది?

తలుపు మడతబందును గుర్తుచేసుకోండి. మధ్యలో పిన్ను, దాని చుట్టూ గొట్టం. ఏళ్ల తరబడి తీసి మూస్తుంటే పిన్ను ఒక పక్క అరుగుతుంది, గొట్టం లోపల అరుగుతుంది, తలుపు వెంట్రుకవాసి కిందికి దిగుతుంది. బందు రేకు మాత్రం కొన్ననాడు ఎంతుందో అంతే. టైమింగ్ చైనంటే ఇలాంటి బందులు నూటయాభై వరసగా కలిపి గుండ్రంగా చుట్టినట్టు. లింకుకు లింకుకు మధ్య దూరం 8 మిల్లీమీటర్లనుకుందాం. ఒక్కో బందు దగ్గర 10 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందంలో ఏడో వంతు అరిగిందనుకుందాం. ఆ ఒక్క బందునే చేతికిస్తే ఏ మేస్త్రీ తేడా పట్టలేడు. నూటయాభై కలిస్తే ఒకటిన్నర మిల్లీమీటర్లు.

ఇంట్లో తలుపు రోజుకు ఎన్నిసార్లు తీస్తాం? చైనులో బందు సంగతి చూడండి. క్రాంకు పళ్లచక్రానికి 20 పళ్లుంటే, 6,000 ఆర్‌పీఎం (క్రాంకు నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర చైను నిమిషానికి 800 సార్లు చుట్టి వస్తుంది. ప్రతి చుట్టులో ప్రతి బందూ క్రాంకు చక్రం ఎక్కేటప్పుడు మడుచుకుంటుంది, దిగేటప్పుడు తెరుచుకుంటుంది. ఇలాంటి ఇంజిన్లో క్యామ్‌లు రెండనుకుంటే, ఆ రెండు చక్రాల దగ్గరా ఇదే తంతు. మొత్తం ఆరు కదలికలు. అంటే సెకనుకు 80. అదీ లాగుడు బరువు మోస్తూ. ఇంత పని చేసే బందు లక్ష కిలోమీటర్లు ఎలా బతుకుతోందన్నదే నాకు ఆశ్చర్యం. అరుగుతోందంటే ఏముంది!

దానికి జవాబు పిన్ను మీద ఉంది. చాలా చైన్లలో పిన్ను పైపొరను క్రోమియం కార్బైడ్ లాంటి అతి గట్టి పదార్థంగా మారుస్తారు. పైన ఆయిల్ పొర. కొత్త బందు మొదట కాస్త గబగబా అరుగుతుంది, ఎందుకంటే తయారీలో మిగిలిన గరుకుముక్కులు విరగాలి. అందుకే చాలా చైన్లను ఫ్యాక్టరీలోనే గట్టిగా లాగి కుదురుస్తారు. ఆ తర్వాత చాలాకాలం అరుగుదల నత్తనడకే. గట్టిపొర పోయిందా, మళ్లీ పరుగు. బళ్లో ఘర్షణ పాఠం చెప్పేటప్పుడు లాభాలు, నష్టాలు అని రెండు వరసల్లో రాయించి వదిలేస్తాం. అరుగుదలకు ఇలా మూడు అంకాలుంటాయని ఒక్క వాక్యమైనా రాయించం. ఇంజినీరింగ్ చదివినవాళ్లు కూడా చైను రబ్బరులా సాగిందని అనుకోవడానికి ఇదొక కారణం.

"చైనును నొక్కి బిగించే టెన్షనర్ ఉంది కదా, వదులును అదే సర్దుకుంటుంది" అంటారు. సగమే నిజం. క్రాంకు చైనును ఒక పక్క లాగుతుంది, ఆ పక్క బిగువు. రెండో పక్క వదులు. టెన్షనర్ కూర్చునేది వదులు పక్కన. అది ఆయిల్ ప్రెషర్‌తో ముందుకు జరిగి చైను కొట్టుకోకుండా ఆపుతుంది, అంతవరకే. లాగే పక్కన 50 బందులుంటే, బందుకు 10 మైక్రాన్ల చొప్పున అర మిల్లీమీటరు పొడవు చేరింది. ఆ అర మిల్లీమీటరు మేర క్రాంకు ముందుగా తిరిగితేగానీ క్యామ్ కదలదు. 40 పళ్ల క్యామ్ చక్రం చుట్టుకొలత 320 మిల్లీమీటర్లు. కాబట్టి క్యామ్ అర డిగ్రీకి కాస్త పైన, క్రాంకు లెక్కలో ఒక డిగ్రీకి పైన వెనకబడుతుంది. బందుకు 50 మైక్రాన్లయితే క్రాంకు లెక్కలో ఐదున్నర డిగ్రీలు. ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది, కింది ఆర్‌పీఎంలో లాగుడు తగ్గుతుంది. ఈ వెనకబాటును టెన్షనర్ సరిచేయలేదు. వాల్వులు తెరిచే వేళను అప్పటికప్పుడు మార్చే వేరియబుల్ వాల్వ్ టైమింగ్ కొంతదాకా కప్పిపుచ్చుతుంది. ఆ పైన కంప్యూటర్ పి0016 అనే కోడ్ చూపిస్తుంది. క్రాంకు, క్యామ్ సెన్సర్ల లెక్క కుదరడం లేదని దాని అర్థం.

వేగం కార్లలో ఈ బందు మీద బరువు ఇంకా ఎక్కువ. వాల్వు స్ప్రింగులు గట్టివి. వాల్వు తెరిచేటప్పుడు స్ప్రింగు క్యామ్‌ను వెనక్కి నెడుతుంది, మూసేటప్పుడు ముందుకు తోస్తుంది. చైనులో బిగువు అలా అలలుగా ఎక్కి దిగుతుంది. పెట్రోలును నేరుగా సిలిండర్లోకి కొట్టే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో 200 బార్ల స్థాయి పీడనంతో పెట్రోలు కొట్టే పంపును కూడా సాధారణంగా క్యామే తిప్పుతుంది. ఆ కుదుపు కూడా చైను పిన్నులకే.

అయినా అసలు శత్రువు బరువు కాదు, మసి. బందులో ఇసుక పడితే ఏమవుతుందో తెలుసు కదా. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు పూర్తిగా ఆవిరయ్యే వ్యవధి తక్కువ, అందుకే సన్నని మసి పుడుతుంది. ఆయిల్‌లో చేరిన ఆ మసి పిన్నుకూ గొట్టానికీ మధ్య ఇసుకలా పనిచేస్తుంది. ఆయిల్ పరిశ్రమ దీన్ని ఎంత సీరియస్‌గా తీసుకుందంటే, 2020 మేలో వచ్చిన అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి ఏపీఐ ఎస్‌పీ ప్రమాణంలో చైను అరుగుదలకు ప్రత్యేక పరీక్షే పెట్టారు. ఫోర్డ్ 2 లీటర్ల టర్బో ఇంజిన్ నడిపి చైను కొలుస్తారు. పొడవు 0.085 శాతం మించి పెరిగితే ఆ ఆయిల్ ఫెయిల్. మన చైను లెక్కలో అది బందుకు 7 మైక్రాన్లు కూడా కాదు.

ఆ మసి ఆయిల్‌లోకి ఎలా దిగుతుంది? పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్కనుంచి. రన్నింగ్ ఇన్ వచ్చేది ఇక్కడే. రింగు తన స్ప్రింగు బలంతో బోరును, అంటే పిస్టన్ ఆడే గొట్టం గోడను, తాకేది కొంచెమే. మండిన వాయువు రింగు వెనక్కి దూరి దాన్ని గోడకు అదుముతుంది. గోడ మీద హోనింగ్ (సానరాయితో రుద్దడం) చేసిన ఏటవాలు అల్లిక గీతలుంటాయి. ఆ గీతల ముక్కులు, రింగు అంచు ఒకదాన్నొకటి అరగదీసుకుంటేనే సీలు కుదురుతుంది. వాయుపీడనం కావాలంటే ఇంజిన్ మీద లోడ్ ఉండాలి. అరవైలో, ఒకే గేరులో, కాలు ఆనించీ ఆనించనట్టు పోతుంటే ఆ పీడనం చాలదు. గోడ నున్నబడి మెరుపెక్కుతుంది, రింగు కుదరదు, మసీ పెట్రోలూ కిందికి జారుతూనే ఉంటాయి. మామయ్య జాగ్రత్త చైను మీదికొస్తుంది. ఇప్పటి బోర్లలో ఆ ముక్కులను ఫ్యాక్టరీలోనే చాలావరకు కోసేస్తారు కాబట్టి షోరూమ్ మాట పూర్తిగా అబద్ధం కాదు. మిగిలిన పనికి మొదటి కొన్ని వందల కిలోమీటర్లు ముఖ్యం. చైను గొడవలన్నిటికీ రింగులే కారణమని మాత్రం అనను. నాసి టెన్షనర్లు, చైనును దారిలో ఉంచుతూ విరిగిపోయే ప్లాస్టిక్ గైడ్లు కూడా చాలా ఇంజిన్లను ముంచాయి.

ఇంద్రకీలాద్రి దగ్గర కొత్త కారుకు పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. నాకేమీ అభ్యంతరం లేదు. కానీ వంతు వచ్చేదాకా కుటుంబమంతా ఏసీ వేసుకుని ముప్పావుగంట ఇంజిన్ ఐడిల్‌లో ఉంచితే, నిమ్మకాయ తీసిన దిష్టిని ఐడ్లింగ్ మళ్లీ తగిలిస్తుంది.

కాబట్టి తమ్ముడూ, ఇంజిన్ బాగా వేడెక్కాక గన్నవరం వైపో చిలకలూరిపేట వైపో ఖాళీ రోడ్డు చూసుకో. మూడో గేరులో, నాలుగో గేరులో 2,000 నుంచి 4,000 ఆర్‌పీఎం దాకా గట్టిగా లాగి, కాలు తీసి గేరులోనే దిగనివ్వు. మళ్లీ లాగు. క్రూజ్ కంట్రోల్ వద్దు, రెడ్‌లైన్ (మీటరులో ఎర్ర గీత) దాకా వద్దు. నీ బండి మాన్యువల్ చెప్పిన హద్దు దాటొద్దు. 8,000 దాకా తిరిగే ఈ46 తరం బీఎండబ్ల్యూ ఎం3కి కంపెనీ పెట్టిన హద్దు తొలి 2,000 కిలోమీటర్లు 5,500 ఆర్‌పీఎం, 170 స్పీడు. 2,000 కిలోమీటర్ల దగ్గర ఇంజిన్ ఆయిల్, డిఫరెన్షియల్ ఆయిల్ రెండూ మార్చాలి. అరవై అన్న మాట ఎక్కడా లేదు.

బెజవాడ ఎండకు చైను సాగుతుందన్న మాట కూడా వింటుంటాను. బయట 45 డిగ్రీలున్నా ఇంజిన్ లోపల ఎలాగూ 90 దాటే ఉంటుంది. పైగా అల్యూమినియం బ్లాకు ఉక్కు చైనుకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, అంటే వేడెక్కినకొద్దీ చైను బిగుస్తుంది.

అందుకే అరిగిన చైను దొరికిపోయేది పొద్దున్నే, చల్లని స్టార్ట్‌లో. రాత్రంతా టెన్షనర్ నుంచి ఆయిల్ కారిపోయి ఉంటుంది. ప్రెషర్ వచ్చేలోపు ఒకటి రెండు సెకన్లు గరగరమంటుంది. సెకండ్‌హ్యాండ్‌లో వేగం కారు చూడబోతున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. బీ6, బీ7 తరాల ఆడి ఎస్4 వీ8లో చైన్లు గేర్‌బాక్సు వైపు ఉంటాయి, వాటి పని పడితే ఇంజిన్ దించాల్సిందే. అమ్మేవాళ్ల ఇంటికి వెళ్లగానే ముందు బానెట్ మీద చెయ్యి వేయండి. వెచ్చగా ఉంటే, రేపు పొద్దున వస్తానని చెప్పి వచ్చేయండి.