కల్లు చుక్కలో ఫాస్ఫేట్ గుమ్మి

తాటికల్లు చుక్కను గాజుపలక మీద పలుచగా పరిచి, ఆరనిచ్చి, టొలుయిడిన్ బ్లూ రంగు అద్ది సూక్ష్మదర్శినిలో చూస్తే, నీలిరంగు యీస్ట్ కణాల లోపల ఎరుపు కలిసిన ఊదా రేణువులు కనిపిస్తాయి. వేసింది నీలిరంగే, అయితే అక్కడ కిక్కిరిసి ఉన్న రుణావేశాల మీద రంగు అణువులు ఒకదానికొకటి ఆనుకొని చేరడం వల్ల ఛాయ మారుతుంది. ఆ రుణావేశాలు పాలీఫాస్ఫేట్‌వి.

పాలీఫాస్ఫేట్ అంటే మూడు మొదలు వెయ్యి దాకా ఫాస్ఫేట్లు వరుసగా గుచ్చిన దండ. పూసకూ పూసకూ మధ్య ఉన్నది, కణానికి శక్తినందించే ఏటీపీ అనే అణువులో ఉండే బంధం వంటిదే కనుక, ఇందులో ఫాస్ఫరస్‌తో పాటు శక్తి కూడా దాగి ఉంటుంది. ఏటీపీ చివరి ఫాస్ఫేట్‌ను తీసి ఈ దండకు చేర్చే పాలీఫాస్ఫేట్ కైనేజ్ అనే ఎంజైమును జీవరసాయన శాస్త్రవేత్త ఆర్థర్ కోర్న్‌బర్గ్ బృందం 1956లో ఈ.కోలై బాక్టీరియా నుంచి వేరుచేసింది. దండను కొస నుంచి తెంపే పని ఎక్సోపాలీఫాస్ఫటేజ్‌ది. యీస్ట్‌లో మాత్రం రిక్తిక (కణం లోపలి నిల్వ సంచి) పొరలోని వీటీసీ అనే ప్రోటీన్ల సముదాయం దండను అల్లుతూనే లోపలికి తోస్తుంది.

దీన్ని వడ్లు పోసుకునే గుమ్మితో పోల్చడం తేలికే కానీ, నా దృష్టిలో ఆ పోలిక సగమే నిజం, ఎందుకంటే గుమ్మి ఇంటి నిర్ణయాలు చేయదు. అమైనో ఆమ్లాలు కరువైనప్పుడు ఈ.కోలైలో పుట్టే పీపీజీపీపీ అనే సంకేత అణువు తెంపే ఎంజైమును ఆపుతుంది, దండలు పేరుకుంటాయి, అవి ప్రోటీన్లను తుంచే లాన్ అనే ఎంజైముకు అతుక్కొని, ప్రోటీన్లను తయారుచేసే పనిముట్లయిన రైబోజోమ్‌లలోని ప్రోటీన్లను కరిగించేలా దాన్ని పురికొల్పుతాయి. పాలమూరు రైతు కరువు కాలంలో దున్నే ఎడ్లనే అమ్మి ఇల్లు గడుపుకున్నట్టు, కణం తన పనిముట్లనే విప్పి అమైనో ఆమ్లాలను రాబట్టుకుంటుంది. మన రక్తఫలకికల్లోనూ (ప్లేట్‌లెట్లలోనూ) సుమారు 60 నుంచి 100 ఫాస్ఫేట్ల పొడవున్న దండలు ఉండి, గాయమైనప్పుడు విడుదలై రక్తం గడ్డకట్టడాన్ని వేగిరపరుస్తాయి.

హైదరాబాద్ మురుగును మోసుకొని నల్లగొండ జిల్లాలోకి వచ్చే మూసీలో గుర్రపుడెక్క విపరీతంగా పెరగడానికి ఊతమిచ్చే పోషకాల్లో ఫాస్ఫేట్ ఒకటి. మురుగు నుంచి దాన్ని తీయడానికి బాక్టీరియాల ఈ అలవాటునే వాడుకునే పద్ధతి ఉంది. మొదట ఆక్సిజన్ లేని తొట్టిలో అవి పాలీఫాస్ఫేట్‌ను విరిచి, ఆ శక్తితో ఎసిటిక్ ఆమ్లం వంటి ఆహారాన్ని లోపలికి తీసుకుంటాయి. తర్వాత గాలి ఊదే తొట్టిలో, తాము వదిలిన దానికంటే ఎక్కువ ఫాస్ఫేట్‌ను పీల్చుకుంటాయి. అడుగున పేరిన ఆ బురదలో కొంత ఎప్పటికప్పుడు తోడి పారేయాలి. గాలి తగలకుండా ఎక్కువసేపు వదిలేస్తే దండలు మళ్లీ విరిగి, ఫాస్ఫేట్ తిరిగి నీళ్లలో కలుస్తుంది.