సాయంత్రం నాలుగు దాటాక వాషింగ్ బే

సర్వీసింగుకు ఇచ్చిన కారును తీసుకోవడానికి వెళ్లిన మనిషి ఇంజన్ ఆయిలు నిజంగా మార్చారో లేదో చూడలేడు. బ్రేకు ప్యాడ్లు ఊడదీసి పరీక్షించలేడు. అతని కంటికి కనిపించేది ఒక్కటే: కారు శుభ్రంగా కడిగారా, లేదా. ఎనిమిది వేల రూపాయల బిల్లు న్యాయమేనా అన్న తీర్పు, వెనక అద్దం మూలన మిగిలిపోయిన మట్టి చార దగ్గరే జరిగిపోతుంది.

డీలర్లకు ఇది ఎప్పటి నుంచో తెలిసిన సంగతే. ఇన్నాళ్లూ ఒక లిఫ్టు, ఒక ప్రెషర్ గన్ను, నలుగురు కుర్రాళ్లతో నడిచిపోయిన ఈ పనికి ఇప్పుడు యంత్రం కొనాలా, కొంటే ఏది కొనాలి అన్నదే కొత్త తలనొప్పి. అమ్మేవారు మూడు రకాలు చూపిస్తారు. నిలబెట్టిన కారు మీదుగా బ్రషులతో ముందుకూ వెనక్కూ కదిలే రోల్‌ఓవర్ ఒకటి. కారునే కన్వేయర్ (కదిలే పట్టా) మీద లాక్కుపోయే టన్నెల్ మరొకటి. బ్రషు తగలకుండా నీటి ఒత్తిడితో, రసాయనాలతో కడిగే టచ్‌లెస్ మూడోది. మూడూ మన రోడ్ల కోసం పుట్టినవి కావు. ఎవరి అవసరం కోసం పుట్టాయో తెలిస్తే బ్రోచర్ చదవడం కొంచెం తేలికవుతుంది.

1914లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఫ్రాంక్ మెకార్మిక్, జె.డబ్ల్యు. హింకిల్ అనే ఇద్దరు ‘ఆటోమొబైల్ లాండ్రీ’ తెరిచారు. అందులో యంత్రమేమీ లేదు. కారును మనుషులే తోసుకుంటూ వెళ్లేవారు. ఒకచోట సబ్బు, ఇంకోచోట కడుగు, మరోచోట తుడుపు. అంతకు ముందు ఏడాదే ఆ ఊరిని ఆనుకుని ఉన్న హైలాండ్ పార్కులో ఫోర్డ్ కంపెనీ కదిలే అసెంబ్లీ లైను, అంటే కారు చోటు మారుతూ పోతుంటే ఒక్కోచోట ఒక్కో భాగం బిగించే వరుస, మొదలుపెట్టింది. కారును కట్టే పద్ధతే కారును కడగడానికీ వచ్చిందన్నమాట. 1940లో హాలీవుడ్‌లో కారును లాగే ఏర్పాటు వచ్చింది. 1946లో అదే డెట్రాయిట్‌లో థామస్ సింప్సన్ కన్వేయరు, పైనుంచి నీళ్లు చల్లే గొట్టాలు, ఆరబెట్టే బ్లోయరు కలిపి సగం మనిషి, సగం యంత్రంగా నడిపాడు. 1951లో సియాటిల్‌లో అండర్సన్ సోదరులు మనిషి చెయ్యి పడకుండా కడిగే ఏర్పాటు చేశారు. టన్నెల్ కథ ఇది. కూలి ఖరీదైన దేశం, ఎడతెగని కార్ల వరుస, చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు. ఆ ఉప్పును కడగకపోతే ఇనుము తుప్పు పడుతుంది కాబట్టి అక్కడ కార్ వాష్ సోకు కోసం చేయించుకునేది కాదు.

రోల్‌ఓవర్ దారి వేరు. 1962 ఆగస్టులో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కు చెందిన గెబ్‌హార్డ్ వైగెలె, యోహాన్ జుల్ట్స్‌బెర్గర్ తమ ఆటోమేటిక్ యంత్రానికి పేటెంట్ దరఖాస్తు పెట్టారు. కారు కదలదు, రెండు నిలువు బ్రషులు దాని చుట్టూ తిరుగుతాయి. పెట్రోలు బంకు పక్కన ఒక్క కారు పట్టే జాగా ఉంటే చాలు. డీలర్ల వర్క్‌షాపులకు సరిపోయే యంత్రంగా దీనికే పేరు రావడానికి కారణం ఆ జాగా లెక్కే.

మన దగ్గర ఈ గొడవ చాలా ఏళ్లు లేదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో హైడ్రాలిక్ లిఫ్టు మీద కారును పైకెత్తి కింది నుంచి నీళ్లు కొట్టడమే సర్వీసింగు. ఊళ్లలో ఇప్పటికీ ‘వాటర్ సర్వీసింగ్’ అని బోర్డు పెడతారు. సర్వీసింగ్ అంటే కడగడమే అన్న అర్థం ఆ మాటలోనే మిగిలిపోయింది. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళాలు చేతులు మారాక డీలరు వర్క్‌షాపు, ఉచిత సర్వీసులు అన్న పద్ధతి ఇంటింటికీ పరిచయమైంది. కడుగు ఆ సర్వీసులో భాగమైంది. బోరు నీటికి బిల్లు రాదు, కుర్రాళ్ల జీతాలు తక్కువ. అలాంటప్పుడు యంత్రం ఎవరికి కావాలి?

ఆ లెక్కను రెండు విషయాలు మార్చాయి. ఒకటి రంగు. పాత కార్లకు పైనున్నది ఒట్టి రంగు పొర. గీత పడితే పాలిష్ గుడ్డతో రుద్దేవారు, గుడ్డకు రంగు అంటేది, అంతటితో సరి. ఇప్పటి కార్లకు రంగు మీద పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటుంది. దాని మందం సుమారు 40–50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే తక్కువ. ఇసుక రేణువున్న గుడ్డతో గుండ్రంగా రుద్దితే నల్ల కారు మీద ఎండలో సాలెగూడు లాంటి గీతలు కనిపిస్తాయి. బ్రషు యంత్రాలకు చెడ్డపేరు తెచ్చిన పాత నైలాన్ కుచ్చుల స్థానంలో ఇప్పుడు నీళ్లు పీల్చని ఫోమ్ పట్టీలు, మెత్తని గుడ్డ పట్టీలు వచ్చాయి. అయినా ముందుగా మట్టి నానబెట్టి వదిలించకుండా బ్రషు దించితే ఏ పట్టీ అయినా ఉప్పుకాగితమే. టచ్‌లెస్‌కు ఈ బెడద లేదు గానీ, మన ఎండాకాలపు సన్న ధూళి పొర ఒత్తిడికి పూర్తిగా పోదు. చివరికి ఒక కుర్రాడు గుడ్డ తీసుకుని రుద్దుతాడు. తప్పించుకోవాలనుకున్న గీత అక్కడే పడుతుంది.

రెండోది నీరు. నా దృష్టిలో అసలు కథ ఇదే. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టంతో మురుగు వదిలే ప్రతి సంస్థా కాలుష్య నియంత్రణ మండలికి జవాబుదారీ అయింది; నూనె, గ్రీజు కలిసిన వాషింగ్ నీళ్లు అందుకు మినహాయింపు కాదు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం బోర్లను నియంత్రణలోకి తెచ్చింది. కాగితం మీద ఇవన్నీ ఎప్పటి నుంచో ఉన్నాయి. భయం మాత్రం కరువుతో వచ్చింది. 2019 వేసవిలో చెన్నై జలాశయాలు అడుగంటాయి. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో వాహనాలు కడిగితే 5,000 రూపాయల జరిమానా అంది. పెద్ద కార్ల కంపెనీలు తమ వర్క్‌షాపుల్లో నీళ్లు దాదాపు లేకుండా తుడిచే డ్రై వాష్‌ను ముందుకు తెచ్చిందీ ఈ నేపథ్యంలోనే.

నీళ్లను తిరిగి వాడే ప్లాంటు కూడా ఇస్తామని యంత్రం అమ్మేవారు చెబుతారు. మంచిదే. మట్టి దిగే తొట్టి, నూనె వేరుచేసే గది, ఫిల్టరు ఉంటే వాడిన నీటిలో ఎక్కువ భాగం మళ్లీ వాడుకోవచ్చు. అయితే ఆదివారం సెలవు తర్వాత సోమవారం పొద్దున ఆ తొట్టి మూత తీస్తే వచ్చే కంపు గురించి ఎవరూ చెప్పరు. మన వేడికి నిలవ నీరు త్వరగా కుళ్లుతుంది. అది కుళ్లకుండా గాలి ఆడించడమో, ఓజోన్ వాయువు పెట్టడమో తప్పదు. ఇంకొకటి బోరు నీటి కాఠిన్యం. బకెట్ అంచున తెల్లని పొర కట్టే నీళ్లు కారు మీద ఆరినా అదే మచ్చ వదులుతాయి. షాంపూ సరిగా నురగదు. అందుకని చివరి కడుగుకైనా ఆర్‌ఓ నీళ్లు కావాలి. ఆర్‌ఓ వదిలేసే ఉప్పు నీటిని పారబోయకుండా చక్రాల మట్టి వదిలించే మొదటి కడుగుకు వాడుకోవచ్చు. యంత్రం పేరు కంటే ముందు బోరు నీటి పరీక్ష కాగితం చూడాలని నేననేది ఇందుకే.

ఇక సామర్థ్యం. ‘రోజుకు యాభై కార్లు, గంటకు ఏడెనిమిది కడిగే యంత్రం చాలు’ అన్నది చూపుకు సరైన లెక్క. కానీ కడుగు సర్వీసులో చివరి పని. మెకానిక్ వదిలిన కార్లన్నీ మధ్యాహ్నం తర్వాతే వస్తాయి. నాలుగు నుంచి ఆరు మధ్య ముప్పై కార్లు ఇవ్వాలంటే, కారుకు ఎనిమిది నిమిషాలు తీసుకునే రోల్‌ఓవర్ ఆ రెండు గంటల్లో పదిహేనే కడుగుతుంది. మిగతా పదిహేను మంది లాంజ్‌లో టీ తాగుతూ గడియారం చూస్తారు. టన్నెల్ పెడితే ఈ వరుస కరుగుతుంది కానీ ఇరవై, ముప్పై మీటర్ల పొడవు జాగా కావాలి, రోజులో మిగతా ఆరు గంటలు అది ఖాళీగా నిలబడుతుంది. పొద్దున వచ్చిన కారును ముందే కడిగేసి, సాయంత్రం పైపైన తుడిచి ఇవ్వడం కొందరు పట్టిన మధ్యే మార్గం. మెకానిక్ చేతి గ్రీజు మరక డోరు మీద మిగలకుండా చూసుకోవాలి, అంతే.

ఏ యంత్రం పెట్టినా పాత లిఫ్టును తీసేయలేరు. గుంటూరు వైపు నల్లరేగడిలో వానాకాలం తిరిగిన కారు చక్రాల గూళ్లలో అరచెయ్యి మందాన మట్టి పేరుకుంటుంది. తిరిగే బ్రషు అక్కడికి చేరదు. వెనక తలుపుకు స్టెప్నీ తగిలించుకున్న థార్, బొలెరోల దగ్గరా, పైన క్యారియర్ కట్టిన టాక్సీల దగ్గరా బ్రషు తడబడుతుంది. దసరా ముందు రోజు సంగతి సరేసరి. ఆయుధ పూజకు ప్రతి బండీ కడగాల్సిందే, ఆ పైన కొత్త కార్ల డెలివరీలు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే సమయానికి కారు తళతళలాడాలి. ఆ రోజు యంత్రం ఒక పక్క తిరుగుతుంటే, షెడ్డు వెనక కుర్రాళ్లు ప్యాంట్లు మడిచి పైపులు బయటికి తీస్తారు.